న్యామ్ తెరమీద మన సీమ పటం: స్క్రిప్టుతో నోడ్ల అమరికపై ఒక సమీక్ష

గత విద్యా సంవత్సరం చివర అనంతపురంలోని మా ఇంజనీరింగ్ కళాశాలలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల మౌఖిక పరీక్ష జరుగుతున్నప్పుడు, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు తెరమీద కదులుతున్న నెట్‌వర్క్ బొమ్మను కొంతసేపు నిదానంగా చూసి, విద్యార్థిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “కడప కర్నూలుకు ఉత్తరాన ఎప్పుడు చేరింది బాబూ?” ఆ విద్యార్థి అనంతపురం, గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి, కర్నూలు, కడప పట్టణాలను ఆరు నోడ్లుగా, అంటే నెట్‌వర్క్‌లోని కూడలి బిందువులుగా తీసుకొని, వాటి మధ్య లింకులు కలిపి, రద్దీ పెరిగినప్పుడు ప్యాకెట్లు, అంటే సమాచారపు తునకలు, ఏ లింకు దగ్గర రాలిపోతున్నాయో లెక్కగట్టాడు. లెక్కల్లో దోషం లేదు. బొమ్మలో మాత్రం కడప పైన, కర్నూలు కింద, గుంతకల్లు ఎక్కడో తూర్పున ఉన్నాయి. “సాఫ్ట్‌వేరే అలా పెట్టింది సార్” అని అతడు చెప్పిన మాట నిజమే గాని, పరీక్షలో నిలబడే జవాబు కాదు. ఆ ప్రాజెక్టుకు మార్గదర్శకుణ్ణి నేనే కాబట్టి ఆ తప్పులో సగం నాది.

ఆ తరువాత వేసవి సెలవుల్లో ఈ ఒక్క విషయం మీదనే కూర్చున్నాను. నెట్‌వర్క్ పనితీరును కంప్యూటర్‌లోనే అనుకరించి చూపే ఎన్ఎస్-2 సిమ్యులేటర్‌తో పాటు వచ్చే న్యామ్ అనే ప్రదర్శన సాధనంలో నోడ్లను మనం కోరిన చోట నిలబెట్టడానికి ఎన్ని మార్గాలున్నాయి, వాటిలో ఏది ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నదే ఈ సమీక్ష. సిమ్యులేటర్‌లోని ప్రోటోకాల్ నమూనాల మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు.

న్యామ్‌ను ఎరుగని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఎన్ఎస్-2 గుండెకాయ సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. మనం రాసే స్క్రిప్టు మాత్రం ఓటీసీఎల్‌లో, అంటే టీసీఎల్ భాషకు వస్తు ఆధారిత రూపంలో ఉంటుంది. స్క్రిప్టు నడిచినప్పుడు జరిగిన ప్రతి సంఘటనా ఒక పాఠ్య ఫైలులో వరుసగా నమోదవుతుంది. న్యామ్ ఆ ఫైలును చదివి, ప్యాకెట్లు లింకుల వెంబడి పరుగెత్తడాన్ని బొమ్మగా చూపిస్తుంది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో మొదలైన ఈ సాధనం విన్ట్ అనే నెట్‌వర్క్ పరిశోధన ప్రాజెక్టు కాలంలో పెరిగింది. ఎన్ఎస్-2 ఆఖరి విడుదల 2.35, 2011 నవంబరులో వచ్చింది. ఇంత పాతదాన్ని ఇప్పుడెందుకు సమీక్షించడం అని అడిగేవారికి నా జవాబు ఒకటే: మా ప్రయోగశాలలో విద్యార్థి చేతికి మొదట అందేది ఇప్పటికీ ఇదే, ఉచితం, బలహీనమైన పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. కొత్త కంపైలర్లు దీని మూలంలోని ఒక హెడర్ ఫైలును తిప్పికొడతాయి. ఒక వరుస దిద్దితే సర్దుకుంటుంది. స్థాపన గురించి అంతకు మించి చెప్పవలసింది లేదు.

ఇక అమరిక సంగతి. మనం ఏమీ చెప్పకపోతే న్యామ్ తానే నోడ్లను పరుస్తుంది. నోడ్లను బంతులుగా, లింకులను వాటిని కలిపే స్ప్రింగులుగా ఊహించుకొని, బంతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండగా స్ప్రింగులు దగ్గరకు లాగుతూ ఉన్నట్టు కొన్ని ఆవృత్తులు లెక్కించి, చివరికి కుదురుకున్న చోట బొమ్మ గీస్తుంది. ఆకర్షణ బలం, వికర్షణ బలం, ఆవృత్తుల సంఖ్య అనే మూడు విలువలను మార్చి మళ్లీ పరచమని అడిగే బటన్ కూడా ఉంది. పది ఇరవై నోడ్ల చిన్న నెట్‌వర్క్‌కు ఆవృత్తుల సంఖ్యను మరో ఇరవై ముప్పై పెంచితే చూడదగిన బొమ్మే వస్తుంది. నోడ్లు పెరిగేకొద్దీ ఆ మూడు విలువలను ఓపికగా సవరించుకోవాలి, అప్పటికీ కొన్నింటిని చేత్తో జరపక తప్పదు. అయితే ఈ పద్ధతికి దిక్కులు తెలియవు. ఏ నోడ్ ఏ నోడ్‌కు లింకుతో కలిసి ఉందో తెలుసు గాని, కర్నూలు ఉత్తరాన ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. మా విద్యార్థి బొమ్మ తలకిందులైంది ఇక్కడే. ఊళ్లతో సంబంధం లేని, ఊరికే పుట్టించిన టోపాలజీలకు, అంటే నోడ్ల, లింకుల అల్లికలకు మాత్రమే ఈ బటన్‌ను నేను సిఫారసు చేస్తాను.

రెండో మార్గం లింకుకు దిశ చెప్పడం. రెండు నోడ్ల మధ్య ద్విముఖ లింకు కలిపిన తరువాత, ఆ లింకుకు ‘ఓరియంట్’ అనే లక్షణాన్ని ఒక వరుసలో జతచేస్తాము. కుడి, ఎడమ, పైకి, కిందికి, కుడి-పైకి, కుడి-కిందికి, ఎడమ-పైకి, ఎడమ-కిందికి అనే అర్థమిచ్చే ఎనిమిది మాటలను అది అంగీకరిస్తుంది. మొదట పేర్కొన్న నోడ్ నుంచి రెండో నోడ్ వైపు చూస్తున్నట్టుగా ఆ దిశను చదువుకోవాలి. అనంతపురం, గుత్తి అన్న వరుసలో రాస్తే ‘పైకి’, గుత్తి, అనంతపురం అన్న వరుసలో రాస్తే ‘కిందికి’. ఈ చిన్న సంగతి మరిచినవారికి బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

ఎనిమిది దిక్కులతో మన జిల్లాల పటం కుదరదు. గుత్తి అనంతపురానికి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరాన ఉంది కాబట్టి ‘పైకి’ సరిపోతుంది. గుంతకల్లు గుత్తికి పడమటన ఉంది కాబట్టి ‘ఎడమ’ సరిపోతుంది. కడప మాత్రం అనంతపురానికి తూర్పున, కొద్దిగా దక్షిణానికి వాలి ఉంది. ‘కుడి’ అంటే ఆ వాలు పోతుంది, ‘కుడి-కిందికి’ అంటే 45 డిగ్రీలు కిందికి జారి కడప చిత్తూరు వైపు వెళ్లిపోతుంది. చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే వారు చూసిన ఉదాహరణ స్క్రిప్టులన్నీ ఈ ఎనిమిది మాటలతోనే రాసినవి. నిజానికి ఓరియంట్ డిగ్రీలను కూడా అంగీకరిస్తుంది. కుడివైపును సున్నాగా, పైకి వెళ్లడాన్ని 90గా లెక్కపెట్టుకుంటూ, సంఖ్య వెంబడే ‘డెగ్’ అన్న మూడక్షరాల గుర్తు చేర్చితే చాలు. అనంతపురం నుంచి కర్నూలుకు 70 డిగ్రీలు, అనంతపురం నుంచి కడపకు 350 డిగ్రీలు, గుత్తి నుంచి కర్నూలుకు 61 డిగ్రీలు అని రాసిన రోజున మొదటిసారి న్యామ్ తెరమీద మన సీమ మన సీమలా కనిపించింది.

ఆ కోణాలు నేను కొలబద్ద పెట్టి కొలిచినవి కావు, స్క్రిప్టే లెక్కగట్టినవి. ప్రతి ఊరి అక్షాంశ రేఖాంశాలను ఒక చిన్న ఫైలులో వరుసకు ఒకటి చొప్పున రాసుకున్నాను: అనంతపురం 14.68, 77.60, గుత్తి 15.12, 77.63, కర్నూలు 15.83, 78.04, కడప 14.47, 78.82, తాడిపత్రి 14.91, 78.01. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కిలోమీటర్లు ఉంటుంది. పటానికి ఎడమ అంచుగా 77.2ను, కింది అంచుగా 14.2ను తీసుకొని తీసివేసి గుణిస్తే, కిలోమీటర్లలో అనంతపురం 43, 53 దగ్గర, గుత్తి 46, 102 దగ్గర, కర్నూలు 90, 181 దగ్గర, కడప 173, 30 దగ్గర నిలుస్తాయి. ప్రతి లింకుకు రెండు చివరల తేడాలను టీసీఎల్‌లోని విలోమ టాంజెంట్ ప్రమేయానికి ఇచ్చి, రేడియన్లలో వచ్చిన జవాబును డిగ్రీలుగా మార్చి, రుణ విలువ వస్తే 360 కలిపి, వచ్చిన కోణాన్ని ఓరియంట్‌కు అందించే లూపు పది వరుసలు మించదు. ఊరు పెరిగితే ఫైలులో ఒక వరుస పెరుగుతుంది, లూపును ముట్టుకోనక్కరలేదు.

కోణాలు సరిపోయాయి గాని దూరాలు సరిపోలేదు. అనంతపురం నుంచి గుత్తికి సరళరేఖలో 49 కిలోమీటర్లు, కడపకు సుమారు 133 కిలోమీటర్లు. బొమ్మలో రెండు లింకులూ ఒకే పొడవున ఉన్నాయి. దీనికి కారణం తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. న్యామ్ ఒక నోడ్‌ను ఆధారంగా తీసుకొని, అక్కడి నుంచి దిశను, లింకు పొడవును పట్టుకొని మిగిలిన నోడ్లను నిలబెడుతూ పోతుంది. ఆ పొడవును అది లింకు జాప్యం, అంటే ప్యాకెట్టు లింకును దాటడానికి పట్టే సమయం నుంచి, రెండు చివరల నోడ్ల పరిమాణం నుంచి తీసుకుంటుంది. మా విద్యార్థి అలవాటు కొద్దీ అన్ని లింకులకూ 10 మిల్లీ సెకండ్ల జాప్యం రాసి ఉన్నాడు. ఉదాహరణల్లో ఉన్న సంఖ్యను యథాతథంగా ఎత్తి రాయడం వల్ల వచ్చిన తంటా అది.

ఇక్కడ న్యామ్ తీరును తప్పుపట్టేవారు ఉండవచ్చు గాని, నాకు మాత్రం ఇది దీనిలోని అత్యంత అందమైన లక్షణంగా తోచింది. ఫైబర్‌లో వెలుతురు సెకండుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు 5 మైక్రో సెకండ్లు. గుత్తి లింకుకు 0.245 మిల్లీ సెకండ్లు, కడప లింకుకు 0.66 మిల్లీ సెకండ్లు అని నిజమైన జాప్యం రాయగానే, బొమ్మలోని పొడవులు కూడా దాదాపు అదే నిష్పత్తికి వచ్చి, పటం తనంత తానే సర్దుకుంది. ప్రయోగం నిజాయితీగా ఉంటే బొమ్మ కూడా నిజాయితీగా వస్తోంది. బొమ్మ కుదరడం కోసం జాప్యాన్ని మార్చడం మాత్రం ఎన్నడూ చేయకూడదు, ఎందుకంటే జాప్యం మారితే ప్యాకెట్లు పంపే వేగాన్ని నియంత్రించే టీసీపీ ప్రోటోకాల్ ప్రవర్తన మారుతుంది, ప్యాకెట్లు రాలే చోటు మారుతుంది.

లింకులు గొలుసుగా చుట్టుకొని వలయమైనప్పుడు ఈ పద్ధతి చిక్కులో పడుతుంది. అనంతపురం, గుత్తి, కర్నూలు, కడప, తాడిపత్రి, మళ్లీ అనంతపురం అని వలయం కట్టి, ప్రతి లింకుకూ కోణం, పొడవు విడివిడిగా చెప్పినప్పుడు అవన్నీ కలిసి చివరికి బయలుదేరిన చోటికే చేరాలన్న నియమం లేదు. ఎనిమిది మాటలతో రాస్తే వలయం దాదాపు ఎప్పుడూ మూసుకోదు, ఏదో ఒక లింకు మనం చెప్పిన దిశను వదిలేస్తుంది. డిగ్రీలు, నిజమైన జాప్యాలు రెండూ ఒకే అక్షాంశ రేఖాంశాల నుంచి పుడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. నోడ్ పరిమాణం వల్ల కలిగే స్వల్ప వంకర మిగిలినా చూపరికి పట్టదు. ఇదే సందర్భంలో మరో చిన్న సదుపాయాన్ని మెచ్చుకోవాలి. లింకు దగ్గర పేరుకున్న ప్యాకెట్ల వరుసను ఏ కోణంలో నిలబెట్టాలో కూడా ‘క్యూపోస్’ అన్న లక్షణంతో చెప్పవచ్చు, 0.5 అంటే అది నిలువుగా నిలుస్తుంది, గుత్తి లాంటి రద్దీ నోడ్ దగ్గర పక్క లింకును కప్పేయకుండా ఉంటుంది.

మూడో మార్గం వైర్‌లెస్ నోడ్లది, ఇక్కడే నేను స్వయంగా బోల్తా పడ్డాను. వైర్‌లెస్ నోడ్‌కు ఎక్స్, వై, జెడ్ నిరూపకాలను నేరుగా ఇవ్వవచ్చు. కోణాల గొడవ, పొడవుల గొడవ ఏదీ ఉండదు. ఇంత సులువైన మార్గం ఉండగా ఓరియంట్‌తో కుస్తీ ఎందుకని, ఊళ్లనే వైర్‌లెస్ నోడ్లుగా మార్చి, పైన లెక్కగట్టిన నిరూపకాలను ఇచ్చేశాను. బొమ్మ అద్భుతంగా వచ్చింది. ఫలితాలు చూస్తే అనంతపురం నుంచి కర్నూలుకు పోయే ప్రతి ప్యాకెట్టూ మధ్యలో ఏ నోడ్‌ను ముట్టుకోకుండా ఒక్క గెంతులో చేరుతోంది. కారణం తెలిశాక నవ్వు వచ్చింది. ఎన్ఎస్-2 ఆ నిరూపకాలను మీటర్లుగా చదువుతుంది. సాధారణ అమరికలో దాని రేడియో 250 మీటర్ల వరకు వినబడుతుంది. అనంతపురం నుంచి కర్నూలుకు ఉన్న నా 136 కిలోమీటర్లు దానికి 136 మీటర్లు. రాయలసీమ మొత్తాన్ని ఒక సంత మైదానంలో కూర్చోబెట్టి, అందరూ ఒకరి మాట ఒకరు వినగలుగుతున్నారని ఆశ్చర్యపడ్డాను.

న్యామ్‌ను వాడే ప్రతి విద్యార్థికీ నేను ముందుగా చెప్పవలసి ఉండి చెప్పనిది ఇదే. వైరు లింకుల నెట్‌వర్క్‌లో నోడ్ స్థానం కేవలం బొమ్మ. అనంతపురాన్ని ఎక్కడ పెట్టినా ప్యాకెట్టు గమనం మారదు. వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో నోడ్ స్థానం ప్రయోగంలో భాగం. నాలుగు మీటర్లు అటు జరిపితే పొరుగు నోడ్ వినబడకుండా పోవచ్చు. తెరమీద రెండూ ఒకే గుండ్రని బొమ్మలుగా కనిపిస్తాయి కాబట్టి ఈ తేడాను కన్ను పట్టుకోలేదు, న్యామ్ కూడా ఎక్కడా హెచ్చరించదు. ఇది ఈ సాధనంలో నాకు కనిపించిన అతి పెద్ద లోపం.

అందుకే వైర్‌లెస్ పాఠానికి ఊళ్లను వదిలి పొలాన్ని తీసుకున్నాను. అనంతపురం పరిసరాల్లోని ఒక వేరుశనగ చేను, పొడవు వెడల్పు 500 మీటర్లు చొప్పున, అందులో నేల తేమను కొలిచే 25 సెన్సర్లు, ఐదు వరుసలుగా. నోడ్ సంఖ్యను 5తో భాగిస్తే వచ్చే శేషం నిలువు వరుసను, భాగఫలం అడ్డ వరుసను ఇస్తాయి. ఒక్కొక్కదాన్ని 100తో గుణించి 50 కలిపితే 50 నుంచి 450 వరకు చక్కని గళ్లు ఏర్పడతాయి. ఆ 50 కలపడం అందం కోసం కాదు. నోడ్‌ను నడిపించే ‘సెట్‌డెస్ట్’ ఆదేశం మైదానం అంచు మీది గమ్యాన్ని, అంటే సున్నాను గాని 500ను గాని, అంగీకరించదు. ఈ అమరికలో ఒక మూల సెన్సర్ నుంచి ఎదురు మూలకు 566 మీటర్లు కాబట్టి ప్యాకెట్టు కనీసం మూడు గెంతులు వేయక తప్పదు. అది బొమ్మలోనూ కనబడుతుంది, లెక్కలోనూ సరిపోతుంది.

పైన చెప్పిన భాగహారంలోనే ఒక ముల్లు కూడా ఉంది. టీసీఎల్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది. ఏడును రెండుతో భాగిస్తే మూడు. గళ్లు పేర్చడానికి ఇది వరం. బొమ్మను నాలుగింట మూడు వంతులకు కుదించాలనుకొని మూడును నాలుగుతో భాగించి గుణించిన అమ్మాయికి మాత్రం ఆ భిన్నం సున్నా అయి, 25 సెన్సర్లూ ఎడమ మూలలో ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఒకే సెన్సర్‌గా కనిపించాయి. ఒక సంఖ్యకు దశాంశ బిందువు పెట్టగానే అన్నీ విప్పుకున్నాయి. వైర్‌లెస్ నోడ్లకు మరో వరుస తప్పనిసరి: ‘ఇనిషియల్ నోడ్ పోస్’ అన్న ఆదేశాన్ని, స్థానాలు నిర్ణయించిన తరువాత మాత్రమే, ప్రతి నోడ్‌కూ ఇవ్వాలి. అది లేకపోతే తెర ఖాళీగా ఉంటుంది. అందులో ఇచ్చే సంఖ్య స్థానం కాదు, నోడ్ బొమ్మ పరిమాణం. 500 మీటర్ల చేనుకు 20 బాగుంటుంది, 5,000 మీటర్ల మైదానానికి అదే 20 ఆవగింజలా కనిపిస్తుంది.

పోల్చి చూడడానికి మరో రెండింటిని కూడా ప్రయత్నించాను. 2008లో మొదటి విడుదల వచ్చిన ఎన్ఎస్-3, పాత స్క్రిప్టులను నడపదు; దాని ప్రదర్శన సాధనం నెట్‌యానిమ్. ఇందులో వైరు నోడ్‌కైనా స్థిర స్థానాన్ని ఎక్స్, వై రూపంలో ఒక్క వరుసలో నేరుగా చెప్పవచ్చు, చెప్పడం మరిచిన నోడ్ గురించి హెచ్చరిక కూడా వస్తుంది. అంతకన్నా మేలైనది, నోడ్ల వెనుక ఒక చిత్రాన్ని పరిచే సౌకర్యం. జిల్లాల పటాన్ని వెనుక పరిచి దాని మీద ఊళ్లను నిలబెట్టినప్పుడు, ఇక ఏ పరీక్షకులూ కడప గురించి అడగరు. లోపమేమిటంటే స్క్రిప్టుకు బదులు సీ ప్లస్ ప్లస్ గాని పైథాన్ గాని రావాలి. రెండో సంవత్సరం విద్యార్థికి అది బరువు. ఓమ్నెట్ ప్లస్ ప్లస్‌లో నోడ్ వర్ణనలోనే స్థానాన్ని రాసుకునే పద్ధతి ఉంది, నోడ్ల వరుసను గళ్లుగా గాని వలయంగా గాని పేర్చమని ఒక్క మాటలో చెప్పవచ్చు. అయితే అక్కడ వై విలువ కిందికి పెరుగుతుంది కాబట్టి, అక్షాంశాన్ని తిప్పి రాయకపోతే కర్నూలు మళ్లీ దక్షిణానికి దిగుతుంది. ఆ సంగతి కూడా అనుభవం మీదనే తెలుసుకున్నాను.

ఈ సంవత్సరం మా ప్రయోగశాలలో వైరు నెట్‌వర్క్ పాఠాలకు న్యామ్‌నే ఉంచాము, కోణాలను చేత్తో రాయకుండా ఊళ్ల ఫైలు నుంచి తీసుకోవాలన్న షరతుతో. పటం అవసరమైన ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులకు నెట్‌యానిమ్‌ను తప్పనిసరి చేశాము. ఊళ్ల ఫైలు అన్ని కంప్యూటర్లలోనూ ఒకే చోట ఉంది. ధర్మవరం, నంద్యాల, ప్రొద్దుటూరు వరుసలను విద్యార్థులే చేర్చారు. చేర్చినవారు అక్షాంశం ముందు రాయాలా, రేఖాంశం ముందు రాయాలా అని ఒకసారి గొడవపడ్డారు గనుక, ఫైలు మొదటి వరుసలో ఇప్పుడు ఆ క్రమాన్ని వ్యాఖ్యగా రాసి పెట్టాము.